మోకాలి ఆపరేషన్ సక్సెస్ అని రాశారు, ఆ తర్వాత తొమ్మిది నెలల సంగతి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్తే అండి,

ఈ మధ్య మీ స్పోర్ట్స్ పేజీలో ఓ మూలన చిన్న వార్త వచ్చింది, ఒక కుర్రాడికి మోకాలి లిగమెంట్ ఆపరేషన్ సక్సెస్ అయిందని, మూడు నెలల్లో మళ్లీ గ్రౌండ్‌లోకి దిగుతాడని. ఆ అబ్బాయి పేరు, ఊరు ఇక్కడ ఎందుకు లెండి, పాపం వాళ్లింట్లో వాళ్లు రిపోర్టర్‌కి చెప్పింది చెప్పినట్టు వేసి ఉంటారు. కానీ ఆ మూడు నెలలు అన్న మాట చూసి ఉండబట్టలేక ఇది రాస్తున్నా. నేను హనుమకొండలో ఉంటా, ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు మట్టి ట్రాక్ మీద మోటోక్రాస్ నడుపుతా, ఏసీఎల్ అనే మోకాలి లోపలి లిగమెంట్ తెగి, ఆపరేషన్ అయ్యి, మళ్లీ బండెక్కిన వాడిని. మాలాంటి మోకాళ్లు జిల్లాకి ఎన్ని ఉన్నాయో ఫిజియో సెంటర్లలో కూర్చుంటే తెలుస్తుంది, కబడ్డీ వాళ్లు, ఫుట్‌బాల్ వాళ్లు, పోలీస్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేస్తూ కాలు మెలిపడ్డ వాళ్లు, స్కూటీ మీద నుంచి పడ్డ ఆంటీలు, అందరూ ఉంటారు.

ముందు మోటోక్రాస్ గురించి రెండు ముక్కలు, ఎందుకంటే ఆ మాట అనగానే చాలామంది రాత్రిపూట ఔటర్ మీద వీలింగ్ చేసే బ్యాచ్ అనుకుంటారు. దానికీ దీనికీ సంబంధం లేదు. ఇది రోడ్డు మీద ఆడేది కాదు, ట్రాక్ మొత్తం మట్టి, గుట్టలు, జంప్‌లు, గట్టి మలుపులు, తల నుంచి కాలి దాకా గేర్ ఉంటుంది. బెంగళూరు, పుణె వాళ్లకి ఎప్పటి నుంచో అలవాటు. రైడర్ సీఎస్ సంతోష్ 2015లో డకార్ ర్యాలీ అనే పెద్ద ఎడారి రేసు పూర్తి చేసిన మొదటి ఇండియన్ అయ్యాడు కదా, ఆయన కూడా ఈ మట్టిలోంచి వచ్చినవాడే. 2024లో ఇండియన్ సూపర్‌క్రాస్ రేసింగ్ లీగ్ (సూపర్‌క్రాస్ అంటే స్టేడియంలో మట్టి ట్రాక్ కట్టి నడిపే మోటోక్రాస్) మొదలై పుణె, అహ్మదాబాద్, బెంగళూరులో రేసులు పెట్టాక మన కుర్రాళ్లకి కూడా బాగా ఎక్కింది. అసలు సిసలు మోటోక్రాస్ బండ్లు బయటి నుంచి రావాలి, రోడ్డు మీదకి పనికిరావు, రేటు కూడా మనకి అందేది కాదు, అందుకే ఎక్కువ మంది హీరో ఎక్స్‌పల్స్ బండి కొని దానికి సస్పెన్షన్, టైర్లు మార్చుకుని మొదలుపెడతారు. నేనూ అంతే.

ఇక మోకాలు ఎలా పోతుందో చెప్తా, ఎందుకంటే జంప్ చేసి కింద పడితేనే విరుగుతాయి అనుకుంటారు అందరూ. ఎక్కువసార్లు పోయేది మలుపులో, అది కూడా పెద్ద స్పీడ్ లేనప్పుడు. మలుపులో బండి వంచినప్పుడు రైడర్ లోపలి వైపు కాలు ఫుట్‌పెగ్ మీద నుంచి తీసి ముందు మడ్‌గార్డ్ వైపు చాపుతాడు. చూసేవాళ్లకి అది స్టైల్ లాగా ఉంటుంది కానీ బరువు ముందు చక్రం మీద పడాలని చేసేది అది. ఆ పాదం నేలకి జానెడు పైన తేలుతూ ఉండాలి, వేళ్లు పైకి లేపి ఉంచాలి. వానాకాలంలో మా ఎర్రమట్టి సంగతి తెలుసు కదా, పైన ఎండినట్టే కనిపిస్తుంది, లోపల జిగట. ముందు పోయిన బండ్లు అందులో లోతుగా గాళ్లు కోసేసి ఉంటాయి. ఆ గాడిలో బూటు ముందుభాగం దిగిందనుకోండి, బండి ముందుకి లాగుతుంది, పాదం అక్కడే ఉంటుంది, రెండిటి మధ్యలో మోకాలు. పైగా మోటోక్రాస్ బూటు మోకాలి కింద దాకా గట్టి ప్లాస్టిక్, చీలమండని కదలనివ్వదు, దానివల్ల చీలమండ బతికిపోతుంది, ఆ మెలి అంతా నేరుగా పైకి మోకాలికి ఎక్కుతుంది. నాకు లోపల టప్పున ఏదో తెగినట్టు తెలిసింది. హెల్మెట్ ఉంది, పక్కన ఇంకో బండి రేజ్ చేస్తున్నాడు, అయినా తెలిసింది. కానీ కాసేపటికి నొప్పి సగం తగ్గింది, లేచి కుంటుకుంటూ బండి దగ్గరికి నడిచా కూడా. సాయంత్రం అయ్యేసరికి చిప్ప ఎక్కడుందో కనపడకుండా వాచిపోయింది. ఏసీఎల్ తెగితే కీలు లోపల రక్తం చేరుతుంది కాబట్టి అంత తొందరగా వాస్తుందట, మామూలు బెణుకైతే మర్నాటికి గానీ వాయదు, ఈ తేడా మాత్రం ఆటలాడే పిల్లల తల్లిదండ్రులు గుర్తు పెట్టుకోండి.

మొదట చూపించిన క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి ఏం కాలేదు, బెణికింది, క్రేప్ బ్యాండేజ్ కట్టుకోమన్నారు. ఎక్స్‌రేలో ఎముక కనపడుతుంది గానీ లిగమెంట్ కనపడదు, ఎంతమందికి ఇలాగే టైమ్ వేస్ట్ అయిందో తర్వాత విన్నా. వాపు దిగాక నేరుగా నడిస్తే బాగానే ఉండేది, పక్కకి తిరిగితే మాత్రం మోకాలు జారిపోయినట్టు అయ్యేది, కిరాణా షాపు మెట్ల దగ్గర అలా జారి షాపాయన మీదే పడబోయా. అప్పుడు ఎంఆర్ఐ తీస్తే ఏసీఎల్ పూర్తిగా, మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్త లాంటిది) కొంచెం తెగిందని తేలింది.

ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకుంటారా, మా పెద్దమ్మ పుత్తూరు కట్టు కట్టించుకు రమ్మని పట్టుబట్టింది, తిరుపతి జిల్లాకి బండి కూడా మాట్లాడేసింది. పుత్తూరు కట్టుని నేను తక్కువ చేసి మాట్లాడట్లేదు, విరిగిన ఎముకలకి దాని పేరు దానికుంది. కానీ ఏసీఎల్ ఎముక కాదు కదా, కీలు లోపల ద్రవంలో మునిగి ఉండే తాడు అది, పూర్తిగా తెగితే రెండు కొసలూ దూరం జరిగిపోతాయి, బయట ఎంత గట్టిగా కట్టు కట్టినా ఎక్కువమందికి అది అతుక్కోదు. అలాగని తెగిన ప్రతివాడూ కోయించుకోవాలని కూడా లేదు, మెలితిరిగే ఆటలు ఆడనివాళ్లు కొందరు మంచి ఎక్సర్‌సైజులతోనే హాయిగా తిరుగుతున్నారు, ఈ మాట చెప్పే డాక్టర్ దొరికితే వదులుకోకండి. నాకు మళ్లీ బండెక్కాలని ఉంది, మెనిస్కస్ కూడా పోయింది, కాబట్టి ఆపరేషన్‌కే వెళ్లా.

ఇప్పుడు ఆ మూడు నెలల లెక్క దగ్గరికి వద్దాం. తెగిన ఏసీఎల్‌ని కుట్టరు, మామూలుగా కొత్తది పెడతారు. నా తొడ వెనక నుంచే హ్యామ్‌స్ట్రింగ్ టెండన్ (కండని ఎముకకి కట్టి ఉంచే తాడు) తీసి, మడత పెట్టి, తొడ ఎముకలో ఒకటి కింది కాలి ఎముకలో ఒకటి సొరంగాలు చేసి, అందులోంచి లాగి పైన చిన్న మెటల్ బటన్‌తో, కింద స్క్రూతో బిగించారు. కొంతమందికి చిప్ప కింద ఉండే టెండన్ ఎముక ముక్కతో సహా తీస్తారు, రైడర్లకి రెండింట్లో ఏది మంచిదో అన్నదాని మీద డాక్టర్లలోనే పంచాయితీ ఉంది. బిగించిన రోజు అది గట్టిగానే ఉంటుంది. తమాషా ఏంటంటే ఆ తర్వాత వీక్ అవుతుంది. కొత్త చోట దానికి రక్తం అందక లోపలి కణాలు చచ్చిపోతాయి, చుట్టుపక్కల నుంచి రక్తనాళాలు మెల్లగా లోపలికి పాకాలి, కొత్త కణాలు రావాలి, తర్వాత అది లిగమెంట్‌గా మారాలి. మామిడి అంటు కట్టినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, చిగురు కనపడింది కదా అని ఆ కొమ్మ పట్టుకుని ఊగరు. ఆపరేషన్ అయ్యాక దాదాపు ఆరో వారం నుంచి మూడో నెల దాకా ఆ గ్రాఫ్ట్, అంటే కొత్తగా పెట్టిన టెండన్, బాగా నాజూగ్గా ఉంటుంది. సరిగ్గా అదే టైమ్‌కి మనిషికి నొప్పి పోతుంది, వాపు పోతుంది, మామూలుగా నడుస్తాడు, మెట్లెక్కుతాడు, చుట్టాలందరూ ఇంకేంరా బాగైపోయావ్ అంటారు. పైకి బాగున్నట్టు అనిపించేదీ లోపల నాజూగ్గా ఉండేదీ ఒకేసారి వస్తాయి అన్నమాట, అందుకే మీ వార్తలో మూడు నెలలు అని చూస్తే నాకు గుండె జారింది.

నార్వేలో ఓస్లో వాళ్లు చేసిన ఒక స్టడీ 2016లో వచ్చింది, 106 మంది పేషెంట్ల మీద. ఆటకి తిరిగి వెళ్లడం తొమ్మిది నెలల దాకా ఎంత ఆలస్యం చేస్తే అంత మంచిదని, ఆగిన ఒక్కో నెలకీ మోకాలికి మళ్లీ దెబ్బ తగిలే రేటు దాదాపు సగానికి తగ్గిందని అందులో తేలింది. తొమ్మిది నెలల తర్వాత ఆగినందువల్ల అంత తేడా కనపడలేదు. తొడ ముందు కండ బలం రెండు కాళ్లకీ దాదాపు సమానంగా వచ్చాక వెళ్లినవాళ్లు ఇంకా సేఫ్. మా ఫిజియో గోడ మీద ఈ లెక్క పెన్నుతో రాసి అతికించుకున్నాడు, ఎవరైనా అన్నా ఎప్పుడు ఆడొచ్చు అంటే నోటితో చెప్పడు, అటు చూపిస్తాడు. మా ట్రాక్‌లో ఒకడు ఐదో నెలలోనే బండెక్కాడు, కాలు బ్రహ్మాండంగా ఉందన్నాడు, జంప్ పొట్టిగా పడి గ్రాఫ్ట్ మళ్లీ తెగింది. రెండోసారి ఆపరేషన్ అంటే వేరే చోటి నుంచి టెండన్ తీయాలి, పాత సొరంగాలు అడ్డం వస్తాయి, ఖర్చు డబుల్, ఇక వాళ్లావిడ బండి అమ్మించేసింది.

క్రికెట్ అయితే జనానికి తెలుసు. రిషబ్ పంత్ కారు యాక్సిడెంట్ 2022 డిసెంబర్ 30న, మోకాలి లిగమెంట్లకి ఆపరేషన్ 2023 జనవరిలో, మళ్లీ ఐపీఎల్‌లో దిగింది 2024 మార్చిలో, ఏడాది దాటింది. పక్కన నేషనల్ క్రికెట్ అకాడమీ, ఫిజియోలు, డైటీషియన్లు అందరూ ఉన్నా అంత పట్టింది. మా ఆటలో చూస్తే రయాన్ విల్లోపోటో అని అమెరికా రైడర్, 2012 సూపర్‌క్రాస్ టైటిల్ అప్పటికే ఖాయమైపోయాక ఏప్రిల్‌లో సియాటిల్ రేసులో ఏసీఎల్ తెంపుకున్నాడు. ఆ ఏడు ఎండాకాలం మోటోక్రాస్ సీజన్ మొత్తం వదిలేసుకున్నాడు, 2013 జనవరికి వచ్చాడు, ఆ ఏడు టైటిల్ మళ్లీ కొట్టాడు, తర్వాతి ఏడు కూడా కొట్టాడు. ఏప్రిల్ నుంచి జనవరి ఎన్ని నెలలో మీరే లెక్కేసుకోండి. ఇటలీ ఆంటోనియో కైరోలీకి 2008లో మోకాలు పోయి సీజన్ ఆగిపోయింది, 2009లో పెద్ద ఇంజిన్ బండ్ల క్లాస్‌కి మారి అప్పటి నుంచి 2014 దాకా వరసపెట్టి ప్రతి ఏడూ వరల్డ్ ఛాంపియన్. అంటే మోకాలు పోతే కెరీర్ పోయినట్టే అనే మాట తప్పు, తొందరపడితే పోతుంది అనేది కరెక్ట్. కోట్లు సంపాదించే వాళ్లే ఆగితే ఆదివారం రైడర్లం మనకేం తొందర.

ఇంట్లో రోజులు ఎలా ఉంటాయో ఎవరూ రాయరు కాబట్టి అది కూడా రాస్తా. ఆపరేషన్ అయిన మర్నాడు తొడ బిగించు అంటారు, మీరు బుర్రతో ఎంత ఆర్డర్ వేసినా తొడ కండ కదలదు, చచ్చు పడినట్టు అలా పడి ఉంటుంది. కీలు లోపల వాపు ఉంటే ఆ కండకి సిగ్నల్ సరిగ్గా పోదట. మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి కిందికి నొక్కడం అనేదే మొదటి ఎక్సర్‌సైజు, చూడ్డానికి ఇంత పనా అనిపిస్తుంది, మొదటిసారి ఆ కండ కొంచెం బిగిసింది చూసి నేను ఫిజియోని కౌగిలించుకున్నంత పని చేశా. కొన్ని వారాల్లో తొడ ఎంత సన్నబడుతుందంటే ప్యాంటు ఒక కాలు టైట్, ఒక కాలు లూజు. చిప్పకి పైన ఒకే ఎత్తులో రెండు తొడలకీ టేపు పెట్టి కొలుస్తారు, నా లైఫ్‌లో ఏ రేస్ రిజల్ట్ కోసం కూడా అంత టెన్షన్ పడలేదు.

ఇంకోటి, మన ఇళ్లలో ప్రేమతో చేసే పని. కాలు నొప్పిగా ఉందని అమ్మ మోకాలి కింద మెత్తటి దిండు పెడుతుంది. హాయిగా ఉంటుంది కూడా, మోకాలు కాస్త వంగి ఉంటే నొప్పి తక్కువ. అలా రోజుల తరబడి ఉంచితే కాలు పూర్తిగా చాచలేకుండా బిగుసుకుపోతుంది, ఆ చివరి నాలుగు డిగ్రీలు రాకపోతే జీవితాంతం కుంటే. దిండు పెట్టాల్సింది మడమ కింద, మోకాలు గాల్లో వేలాడాలి, బరువుకి అదే నిటారుగా అవుతుంది, నరకంలా ఉంటుంది, ఉండనీండి. మా అమ్మకి ఇది నచ్చజెప్పడానికి ఫిజియోతో ఫోన్ చేయించాల్సి వచ్చింది, అయినా రాత్రి నేను పడుకున్నాక వచ్చి దిండు మార్చి పోయేది. అలాగే కాలు బాగైతే అలిపిరి మెట్లెక్కి వస్తానని మొక్కేసింది, నా తరఫున, నన్నడక్కుండా. 3,550 మెట్లు. ఎక్కడం పర్లేదు గానీ మోకాలికి అసలు పరీక్ష దిగేటప్పుడే, వెంకన్న దయవల్ల అక్కడ దిగడానికి బస్సు ఉంది.

నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, ఊళ్లో ఇండియన్ టాయిలెట్, ఇవి ఇంగ్లీషు వీడియోల్లో ఎక్కడా ఉండవు. పెళ్లిళ్లలో కుర్చీ అడిగితే ఈ వయసులోనేనా అని నవ్వుతారు. కుట్ల పక్కన ఒక చోట చర్మం తిమ్మిరిగా మొద్దుబారి ఉంటుంది, దోమ కుట్టినా తెలీదు, అక్కడి చిన్న నరం కట్ అవ్వడం వల్లట, భయపడక్కర్లేదు, చాలామందికి ఉంటుంది, కానీ ముందే ఎవరూ చెప్పకపోతే మాత్రం కంగారు పుడుతుంది.

ఫిజియో సెంటర్‌లో నా పక్క బెడ్ మీద నర్సంపేట వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చేది, డిగ్రీ చదువుతుంది, కబడ్డీలో రైడర్. ఇద్దరం రైడర్లమే అని నవ్వుకునేవాళ్లం. ఆ అమ్మాయికి కూడా ఏసీఎల్, రైడ్‌కి వెళ్లి వెనక్కి తిరిగేటప్పుడు చీలమండ పట్టేశారు, పాదం నేల మీదే ఆగిపోయింది, ఒళ్లు తిరిగింది. నాకు గాడి, ఆమెకి డిఫెండర్ చెయ్యి, జరిగింది మాత్రం ఒకటే. వాళ్ల నాన్న మిర్చి అమ్మిన డబ్బుతో ఆపరేషన్ చేయించాడు. ఇంక ఫిజియోకి ఒక్కో సెషన్ నాలుగొందలు ఐదొందలు, బస్సు ఛార్జీలు (అమ్మాయిలకి ఫ్రీ బస్సు కాబట్టి ఆమెకి అది మిగిలింది, వాళ్ల నాన్నకి మాత్రం టికెట్టే), పని మానుకుని ఆయన తోడు రావడం. రెండో నెల దాటాక రావడం మానేసింది. ఫోన్ చేస్తే, బాగానే నడుస్తున్నా కదా అన్నా, ఇంకెందుకు అని నాన్న అంటున్నాడు అంది. ఆపరేషన్‌కి లక్షలు పెట్టిన మనిషి ఫిజియోకి వేలు పెట్టడానికి వెనకాడాడు అని ఆయన్ని తప్పు పట్టలేం, ఆపరేషన్ అంటే వైద్యం, ఎక్సర్‌సైజు అంటే టైమ్‌పాస్ అనే అందరూ అనుకుంటారు, పేపర్లో కూడా ఆపరేషన్ సక్సెస్ అయిన రోజుతోనే కథ అయిపోతుంది కదా. ఆ అమ్మాయి ఇప్పుడు ఆడట్లేదు, మలుపు తిరిగితే భయమంటుంది. స్టేట్ లెవెల్ ఆడిన పిల్ల.

ఇన్సూరెన్స్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 2019లో ఐఆర్‌డీఏఐ, అంటే ఇన్సూరెన్స్ కంపెనీలకి రూల్స్ పెట్టే సంస్థ, అన్ని హెల్త్ పాలసీలకీ మినహాయింపుల భాష ఒకేలా ఉండాలని రూల్ తెచ్చింది. అందులో ఎక్స్‌క్లూజన్ కోడ్ 09 అనేది ప్రమాదకరమైన, అడ్వెంచర్ ఆటల గురించి, మోటార్ రేసింగ్ పేరు కూడా అందులో ఉంది. కానీ అక్కడ ఒక మాట ఉంది, ప్రొఫెషనల్‌గా పాల్గొంటే అని. అంటే ఆ ఆట నీ వృత్తి అయితే క్లెయిమ్ రాదు. నా క్లెయిమ్‌ని మాత్రం కంపెనీ వాళ్లు, పేరు రాయను, డిశ్చార్జ్ సమ్మరీలో డర్ట్ బైక్ అన్న మాట చూసి ఒక్క లైన్‌లో కొట్టేశారు. నేను ఆఫీసు నుంచి లెటర్, శాలరీ స్లిప్పులు పెట్టి, నేను జీతం మీద బతికే ఉద్యోగిని, రేసుల్లో నాకు రూపాయి ప్రైజ్ మనీ రాలేదు, మీ క్లాజ్‌లో ఈ మాట చదవండి అని వాళ్ల గ్రీవెన్స్ సెల్‌కి రాశా, ఆ తర్వాత ఆస్పత్రి బిల్లు వరకు ఇచ్చారు. వాళ్లు ఇవ్వకపోతే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, రెండు తెలుగు రాష్ట్రాలకీ ఆఫీసు హైదరాబాద్‌లోనే, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ముందు కంపెనీకి రాసి నెల రోజులు ఆగి అప్పుడు వెళ్లాలి, కంపెనీ కాదన్న ఏడాది లోపు వెళ్లాలి. అసలు ఐఆర్‌డీఏఐ హెడ్డాఫీసు ఉన్నదే మన నానక్‌రామ్‌గూడలో, కానీ మనవాళ్లకి సగం మందికి ఆ సంగతే తెలీదు. ఒక్క జాగ్రత్త, డాక్టర్ దగ్గర అబద్ధం చెప్పి మెట్ల మీద జారిపడ్డా అని రాయించుకునేవాళ్లు ఉన్నారు, రైడర్లు ఒకళ్లకొకళ్లు ఇదే సలహా ఇచ్చుకుంటారు, అది బయటపడితే నిజమైన క్లెయిమ్ కూడా పోతుంది, పాలసీ కూడా పోతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పి క్లాజ్ చూపించి కొట్లాడండి.

సరే బిల్లు వచ్చింది, మరి ఫిజియో? డిశ్చార్జ్ అయ్యాక ఖర్చులు మామూలుగా 60 రోజులో 90 రోజులో ఇస్తారు, పాలసీని బట్టి. గ్రాఫ్ట్‌కి తొమ్మిది నెలలు కావాలి, పాలసీ మూడు నెలలకి చేతులు దులుపుకుంటుంది. మళ్లీ అదే మూడు నెలలు. కొత్త లిగమెంట్‌కి లక్షలు ఇచ్చినవాళ్లు దాన్ని కాపాడుకునే ఖర్చు ఇవ్వకపోతే, రెండోసారి తెగినప్పుడు మళ్లీ లక్షలు ఇవ్వాల్సింది వాళ్లే కదా, ఈ లెక్క నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఢిల్లీలో సఫ్దర్‌జంగ్ ఆస్పత్రిలో కామన్వెల్త్ గేమ్స్ టైమ్‌లో 2010లో స్పోర్ట్స్ ఇంజురీ సెంటర్ అని పెట్టారు, గవర్నమెంట్‌దే, ఆపరేషన్, ఫిజియో అన్నీ ఒకే చోట. అంత పెద్దది ప్రతి జిల్లాలో పెట్టమని అడగట్లేదు. జిల్లా పెద్దాసుపత్రిలో మోకాళ్ల సంగతి తెలిసిన ఒక ఫిజియో, వారానికి రెండు సాయంత్రాలు, ఆటలాడే పిల్లలకి ఫ్రీగా, అంతే. బిల్డింగ్ అక్కర్లేదు, మెషీన్లు కూడా పెద్దగా అక్కర్లేదు, ఒక సైకిల్, ఒక లెగ్ ప్రెస్, కోణం కొలిచే ప్లాస్టిక్ స్కేలు, టేపు, ఎవరొచ్చారు ఎవరు మానేశారు అని చూసి ఫోన్ చేసే మనిషి. సీఎం కప్‌లు, ఖేలో ఇండియా అని పిల్లల్ని గ్రౌండ్‌కి పిలుస్తున్నారు, చాలా సంతోషం, పిలిచినవాళ్లే మోకాలు పోతే ఎటు వెళ్లాలో కూడా చెప్పాలి.

నేను మళ్లీ బండెక్కింది ఫిజియో ఒప్పుకున్నాకే. ఒంటికాలి మీద దూకే టెస్టులు పెట్టాడు, దెబ్బ తగిలిన కాలు మంచి కాలితో పోలిస్తే 90 శాతం పైన దూకాలి, మూడు నాలుగు రకాలుగా, ఆఖరిది అలసిపోయాక. మొదటి రోజు జంప్‌లు లేవు, చదును నేల మీద నిలబడి నడపడమే. తొడలతో ట్యాంక్‌ని పట్టుకోవడం మర్చిపోయా, చేతులతో వేలాడుతున్నా, పావుగంటకే ముంజేతులు రాయిలా బిగిసిపోయాయి. ఎడమ మలుపు బాగానే తిరిగేవాడిని, దెబ్బ తగిలిన కుడి కాలు చాపాల్సిన మలుపు వస్తే మాత్రం కాలు పెగ్ మీద నుంచి లేవదు. కాలు బాగైంది, తలకాయ ఇంకా కాలేదు. దానికి కూడా ఫిజియో దగ్గర ఎక్సర్‌సైజు ఉంది, చెప్తే నవ్వుతారు, ఆఫ్ చేసిన బండి మీద కూర్చుని స్టాండ్ వేసుకుని కాలు తీసి పెట్టడం, తీసి పెట్టడం.

మోకాలికి బిగించే గట్టి బ్రేస్‌లు వాడుతున్నా ఇప్పుడు, రెండు కాళ్లకీ. మంచివి జత కొంటే ఒక సెకండ్ హ్యాండ్ బండి వచ్చేస్తుంది, అంత రేటు. అవి మోకాలు వెనక్కి విరగకుండా, పక్కకి పోకుండా కొంత ఆపుతాయి, మెలిని పూర్తిగా ఆపలేవు, వేసుకున్నాం కదా అని గ్యారంటీ ఏం లేదు. ఆన్‌లైన్‌లో మూడు వేలకి దొరికే ప్లాస్టిక్ చిప్ప గార్డులు బ్రేస్‌లు కాదు, రాయి తగిలితే దెబ్బ ఆపుతాయి అంతే, పిల్లలకి అవి కొనిచ్చి సేఫ్ అనుకునే పేరెంట్స్ దయచేసి చూసుకోండి.

మిమ్మల్ని అడిగేది ఏంటంటే అండి, ఇలాంటి వార్త వచ్చినప్పుడు సర్జన్ ఫొటో వేయండి తప్పులేదు, దాంతోపాటు ఆ ప్లేయర్ ఎవరి దగ్గర ఫిజియో చేస్తున్నాడు, ఎన్ని నెలలు, ఖర్చు ఎవరు పెడుతున్నారు అని కూడా రెండు లైన్లు వేయించండి. ఆరో నెలలో ఒకసారి ఫోన్ చేసి ఎలా ఉన్నాడో మళ్లీ రాస్తే ఇంకా మంచిది. ఆదివారం హెల్త్ పేజీలో మోకాలి నొప్పులంటే ఎప్పుడూ అరవై దాటినవాళ్లకి మోకాలి చిప్పల మార్పిడి గురించే ఉంటుంది, ఇరవై ఏళ్ల పిల్లల మోకాళ్లకి కూడా ఒక వారం ఇవ్వండి, రాసే ఫిజియోలు కావాలంటే మా వరంగల్‌లోనే ఉన్నారు, నేను మాట్లాడి పెడతా.

లెటర్ పెద్దదైందని తెలుసు, మీకు కాలమ్‌లో చోటు ఉండదని కూడా తెలుసు. కట్ చేయాల్సి వస్తే నా బండి గోల, మా అమ్మ మొక్కు అన్నీ తీసేయండి, తొమ్మిది నెలల లెక్క, ఇన్సూరెన్స్ క్లాజ్ ఉన్న పేరాలు మాత్రం ఉంచండి, ఆ కోడ్ నంబర్ 09 అచ్చులో తప్పు పడకుండా ఒకసారి చూసుకోమనండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
హనుమకొండ